చుక్క పొడిచాక విస్తరి: కార్తీక సోమవారం నక్తం భోజనం



మా అక్క కూతురు స్కాట్లండులో ఉంటుంది. ఆ మధ్య ఫోను చేసి, అక్కడి పండగ భోజనం ఒకటి గురించి చెప్పింది. రాబర్ట్ బర్న్స్ అని వాళ్ళకొక పెద్ద కవి. 1759 జనవరి 25న పుట్టాడు, 1796లో పోయాడు. ఆయన పోయిన ఐదేళ్ళకు, 1801లో, కొందరు స్నేహితులు ఆయన పుట్టిన ఇంట్లోనే చేరి, ఆయన పేరు తలుచుకుంటూ కలిసి భోంచేశారట. అలా మొదలైన ఆచారం ఇప్పటికీ సాగుతూంది. ఏటా జనవరి 25 రాత్రి ఇంటింటా ఆ విందు చేసుకుంటారు.

ఆ విందులో ముఖ్యమైన వంటకం పేరు హాగిస్. గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఓట్స్, కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి, గొర్రె పొట్టసంచిలో నింపి ఉడికిస్తారు. పక్కన మెదిపిన బంగాళాదుంప, మెదిపిన టర్నిప్ జాతి దుంప ఉండాలి. మన పిల్ల శాకాహారి కదా! దానికి ఓట్స్, పప్పులు, కారెట్, గింజలు కలిపి చేసిన హాగిస్ పెట్టారట. అదంతా చెప్పి, "చిన్నమ్మా, మనకు పండగలన్నీ పగటి భోజనాలే కదా! ఇట్లా రాత్రిపూట అందరూ ఎదురుచూసి, కూచుని తినే పండగ మనకు లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదే, కార్తీక సోమవారం నక్తం ఏమనుకున్నావు?" అన్నాను. దానికి ఆ మాటే తెలియదు. తెలియకపోవడం దాని తప్పు కాదు. పట్నం వచ్చిన తరువాత మనమే ఆ భోజనాన్ని మరిచిపోయాం. ఉపవాసం మాత్రం ఉంటున్నాం. రాత్రికి ఏదో ఒకటి తిని పడుకుంటున్నాం. అందుకే ఇవాళ నక్తం భోజనం ఇంట్లో ఎలా వండుకోవాలో, ఉపవాసమున్న మనిషి ఎలా తినాలో నాలుగు మాటలు చెబుతాను.

నాది బనగానపల్లె ప్రాంతం. మామిడిపండు పేరుతో ఆ ఊరు మీకందరికీ తెలుసు. అక్కడికి దగ్గర్లోనే యాగంటి క్షేత్రం. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. ఎర్రమల కొండల నడుమ ఉమామహేశ్వరుడి గుడి, కొండలోంచి వచ్చే నీటితో నిండే పుష్కరిణి, అగస్త్యుడు తపస్సు చేశాడని చెప్పే గుహ. ఆ ముని శాపం వల్ల అక్కడ కాకి వాలదనీ, గుడిముందరి నంది ఏటేటా పెరుగుతున్నాడనీ మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. కార్తీక మాసం వస్తే సోమవారాలు అక్కడ ఇసకేస్తే రాలదు.

మా అవ్వ తెల్లవారుజామునే మమ్మల్ని లేపి, యాగంటికి తీసుకుపోయేది. పుష్కరిణిలో మునక, దీపం, దర్శనం. మధ్యాహ్నానికి ఇంటికి చేరేవాళ్ళం. సాయంత్రమయ్యేసరికి పిల్లలందరం మిద్దె ఎక్కి, చుక్క కోసం ఆకాశం వంక చూస్తూ కూచునేవాళ్ళం. మొదటి చుక్క ఎవరు చూస్తే వాళ్ళే గొప్ప. "అవ్వా, పొడిచిందీ!" అని కేక వేస్తే, కింద విస్తరాకులు పరిచేవారు.

నక్తమంటే అదే. పగలంతా ఉపవాసముండి, పొద్దుగుంకి నక్షత్రాలు కనబడ్డాక దీపం పెట్టి, పూజ చేసి, ఒక్కసారి భోంచేయడం.

ఇక్కడ మా అవ్వ ఒక పద్ధతి పెట్టింది. మామూలు రోజుల్లో ఆడవాళ్ళు చివరన తినేవాళ్ళు. నక్తం రోజు మాత్రం, "పొద్దన్నుంచి కడుపు మాడ్చుకున్నోళ్ళు ముందు కూచోవాల. తిన్నోళ్ళు వడ్డించాల" అనేది. పగలు అన్నం తిన్న తాతా, బాబాయిలూ ఆ రాత్రి వడ్డించేవాళ్ళు.

పెళ్ళయి పట్నం వచ్చాక నేను ఆ మాట మరిచిపోయాను. మొదటి కార్తీకంలోనే దానికి శిక్ష అనుభవించాను. ఆ సోమవారం పొద్దున్నుంచి నాలుగైదు సార్లు టీ తాగి గడిపాను. సాయంత్రం పదకొండు మందికి వంట చేశాను. అందరికీ వడ్డించి, రాత్రి పదింటికి అడుగూ బొడుగూ ఊడ్చుకుని, ఘాటైన పచ్చడితో గబగబా తిన్నాను. గిన్నెలు తోమడానికి లేచి, కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. మా అత్తగారు కంగారుపడి మంచినీళ్ళు తాగించారు. "ఉపవాసం నువ్వున్నావు, ఊపిరి మాకు పోయిందమ్మా" అన్నారు. ఆ మరుసటి సోమవారం నుంచి మా ఇంట్లో మా అవ్వ పద్ధతే వచ్చింది. మా అత్తగారే దగ్గరుండి నన్ను ముందు కూచోబెట్టారు.

కాబట్టి వంట సంగతి చెప్పేముందు, ఉపవాసం సంగతి చెప్పాలి.

ఎవరుండాలి, ఎవరుండకూడదు

కార్తీక సోమవార వ్రతాన్ని పెద్దలు ఆరు విధాలుగా చెప్పారు. రోజంతా ఏమీ తినకపోవడం ఉపవాసం. పగలు ఒక్కపూట తింటే ఏకభుక్తం. రాత్రి చుక్కలు చూసి తింటే నక్తం. మనం అడగకుండా ఎవరైనా పిలిచి పెడితేనే తినడం అయాచితం. ఏదీ చేతకానివారు స్నానం, జపం చేసుకుంటే చాలు. అదీ కుదరకపోతే నువ్వులు దానం చేసినా వ్రతమే. చూశారా! ఓపిక లేనివారికి ఆచారంలోనే దారి ఉంది. ఒంట్లో బాగాలేకపోయినా పట్టుబట్టి కడుపు మాడ్చుకోమని ఎవరూ చెప్పలేదు.

ముఖ్యంగా చక్కెర వ్యాధి ఉన్నవారు. ఇన్సులిన్ వేసుకునేవారు, రక్తంలో చక్కెరను తగ్గించే మాత్రలు మింగేవారు, మందు పడి అన్నం పడకపోతే ప్రమాదంలో పడతారు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, మాట తడబడటం వస్తే, అది భక్తి పారవశ్యం కాదు, రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట. వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక కొంచెం అన్నమో, రొట్టో పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మీ అత్తగారో, అమ్మగారో ఇలాంటి మందులు వాడుతుంటే, కార్తీకం రాకముందే డాక్టరుగారిని అడగండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఉపవాసం జోలికి పోకుండా స్నానం, జపంతో సరిపెట్టుకోవడం మంచిది.

ఆరోగ్యంగా ఉన్నవారు కూడా పగలు మంచినీళ్ళు మానకండి. మీ ఇంటి ఆచారం ఒప్పుకుంటే పలచని మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఒక పండు తీసుకోండి. ఖాళీ కడుపులో టీ, కాఫీలు పోస్తే కడుపులో మంట తప్ప ఒరిగేదేమీ లేదు. నా అనుభవం చెప్పానుగా!

విస్తట్లో ఏముండాలి

నక్తం భోజనానికి ఉల్లి, వెల్లుల్లి వాడరు. నెలంతా నియమం పట్టినవారు కొందరు పెసరపప్పు, శెనగపప్పు, నువ్వులు, ఇంగువ కూడా మానేస్తారు. ఆ నియమమున్న ఇళ్ళల్లో నేను చెప్పే పులగంలో పెసరపప్పు బదులు కందిపప్పు వేసుకోండి. బక్ష్యాల పూర్ణానికీ కందిపప్పు పనికొస్తుంది.

మా వైపు నక్తానికి కొర్ర పులగం, బుడ్డల పచ్చడి, ఒక చప్పని కూర, పెరుగు. కడపటి సోమవారం మాత్రం బక్ష్యాలు. బుడ్డలంటే వేరుశెనగలు. బక్ష్యాలంటే మీలో కొందరు బొబ్బట్లంటారు, కొందరు ఓళిగలంటారు.

కొర్రలు అనగానే "అబ్బే, అవి బీదవాళ్ళ తిండి" అనే రోజులు నేనెరుగుదును. కె.సి. కెనాల్ నీళ్ళు పారిన చోట వరి వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక బీదవారి ఇంట్లో కూడా తెల్లన్నం ఉడికింది. ఎందరి ఆకలో తీరింది, ఆ మాట కాదనలేం. కానీ కొర్ర కుండ మాత్రం మూల చేరింది. స్కాట్లండులోనూ ఇదే కథ. 1755లో జాన్సన్ అనే ఆంగ్ల పండితుడు తన నిఘంటువులో ఓట్స్ గురించి రాస్తూ, ఇంగ్లండులో అవి గుర్రాలకు పెడతారనీ, స్కాట్లండులో మనుషులు తిని బతుకుతారనీ అర్థం వచ్చేట్టు రాశాడు. ఆ ఓట్సునే స్కాట్లండువాళ్ళు ఇవాళ పండగ విస్తట్లో గర్వంగా వడ్డించుకుంటున్నారు. మనకేం తక్కువ? నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం వారు కొర్రలో కొత్త వంగడాలు తయారుచేశారు. వాటిలో ఒకదాని పేరు సూర్యనంది. నంద్యాల చుట్టూ ఉన్న నవనందుల్లో ఒక నంది పేరు అది. శివుడి నంది పేరున్న ధాన్యం, శివుడి సోమవారానికి వండుకోవడం బాగానే ఉంది కదూ!

కొర్రల్లో తెల్లబియ్యం కన్నా పీచు, మాంసకృత్తులు ఎక్కువ. పప్పుతో కలిసి మెత్తగా ఉడికితే పగలంతా ఖాళీగా ఉన్న కడుపుకు హాయిగా ఉంటుంది.

కొర్ర పులగం

ఐదుగురికి కొలత చెబుతాను. కొర్రబియ్యం ఒకటిన్నర గ్లాసు, పెసరపప్పు ముప్పావు గ్లాసు. కొర్రల్లో సన్నని మట్టి, రాళ్ళు ఉంటాయి. రెండు మూడు నీళ్ళు కడిగి, గాలించి, కనీసం గంటసేపు నానబెట్టండి. నానకపోతే గింజ పైకి ఉడికినట్టే కనిపించి లోపల పలుకు ఉంటుంది. పెసరపప్పును కమ్మని వాసన వచ్చేదాకా, రంగు మారకుండా వేయించండి.

కుక్కరులో రెండు చెంచాల నెయ్యి వేసి, చెంచాడు జీలకర్ర, పది మిరియాలు కచ్చాపచ్చాగా దంచినవి, చిన్న అల్లం ముక్క తరుగు, రెండు రెబ్బల కరివేపాకు వేయండి. చిటపటలాడాక పప్పు, నీళ్ళు వంచిన కొర్రలు వేసి ఒకసారి తిప్పి, ఏడు గ్లాసుల నీళ్ళు, తగినంత ఉప్పు వేసి మూత పెట్టండి. సన్నని మంట మీద నాలుగు కూతలు రానిచ్చి దించండి. ఆవిరంతా దానంతటదే పోవాలి. తొందరపడి మూత తీయకండి. పులగం గరిటెజారుగా ఉండాలి. చల్లారితే గట్టిపడుతుంది, అప్పుడు కాచిన వేడినీళ్ళు కొంచెం పోసి కలపండి. చన్నీళ్ళు పోస్తే రుచి పోతుంది.

బుడ్డల పచ్చడి

ఒక గ్లాసు బుడ్డలు సన్నని సెగ మీద వేయించి, చల్లారాక పొట్టు నలిపి చెరిగేయండి. నాలుగు ఎండుమిరపకాయలు, అరచెంచా జీలకర్ర చుక్క నూనెలో వేయించండి. ఉసిరికాయంత చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, ముందు మిరపకాయలూ చింతపండూ నూరి, చివర బుడ్డలు వేసి బరకగా ఒక్క తిప్పు తిప్పండి. మిక్సీ ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలి జిగటగా తయారవుతుంది. మామూలు రోజుల్లో మా వైపు పది మిరపకాయలు వేస్తారు. నక్తం రాత్రి నాలుగుకు మించవద్దు. ఖాళీ కడుపు మీద కారం పగబట్టినట్టు పనిచేస్తుంది.

కూరకు సొరకాయ మేలు. లేతకాయ ముక్కలు కోసి, ఆవాలు, మినప్పప్పు, ఒక పచ్చిమిరపకాయ పోపులో వేసి, మూతపెట్టి మగ్గించి, దించేముందు పచ్చికొబ్బరి కోరు చల్లితే చాలు. నీళ్ళు పోయనక్కరలేదు, దాని నీళ్ళతోనే ఉడుకుతుంది. మినప్పప్పు కూడా మానేవారు పోపులో ఆవాలు, జీలకర్రతో సరిపెట్టుకోవచ్చు.

బక్ష్యాలు

కడపటి సోమవారానికి బక్ష్యాలు చేయాలనుకుంటే పావు కిలో శెనగపప్పు, పావు కిలో బెల్లం, పావు కిలో గోధుమపిండి లేదా మైదా తీసుకోండి. పిండిలో చిటికెడు ఉప్పు వేసి, మామూలు చపాతీ పిండి కన్నా జారుగా తడిపి, రెండు చెంచాల నూనె పోసి బాగా మర్దించి, రెండు గంటలు మూతపెట్టండి. ఈ నానడం మీదే బక్ష్యం మెత్తదనమంతా ఆధారపడి ఉంటుంది.

శెనగపప్పు గంట నానబెట్టి, నీళ్ళు ఎక్కువ పోసి, వేళ్ళ మధ్య నొక్కితే మెదిగేదాకా ఉడికించండి. పూర్తిగా పేస్టు కాకూడదు. నీళ్ళు వంచి దాచుకోండి. పప్పు వేడిగా ఉన్నప్పుడే మెదిపి, తరిగిన బెల్లం వేసి, పొయ్యి మీద కలుపుతూ ఉంటే ముందు పలచనై, తరువాత గరిటె నిలబడేంత దగ్గరపడుతుంది. యాలకులపొడి వేసి దించి, నిమ్మకాయంత ఉండలు చేయండి. పిండి ముద్దలో పూర్ణం పెట్టి మూసి, నూనె రాసిన అరిటాకు మీద చేత్తో తట్టి, పెనం మీద నెయ్యితో రెండు వైపులా కాల్చండి. పూర్ణం పలచనైతే బక్ష్యం పగులుతుంది. అలా జరిగితే బాధపడకండి, పూర్ణాన్ని మళ్ళీ కాసేపు పొయ్యి మీద పెడితే సరి.

వంచిన పప్పునీళ్ళు పారబోయకండి. కాస్త చింతపండు రసం, ఒక చెంచా పూర్ణం, చారుపొడి, ఉప్పు వేసి మరిగించి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు పెడితే కట్టుచారు. బక్ష్యాలు తిన్న నోటికి దానంత హితవైనది లేదు.

వేళకు పని

నవంబరులో మనకు ఐదున్నర దాటాక పొద్దుగుంకుతుంది. ఆరుంబావు, ఆరున్నరకు చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పటికి వంట అయిపోయి ఉండాలంటే, పని ముందురోజే మొదలుకావాలి. ఆదివారమే కొర్రలు ఏరి పెట్టుకోండి, బుడ్డలు వేయించి డబ్బాలో పోయండి, కొబ్బరి కోరండి. నిలవ వస్తువు పనికిరాదనే ఇళ్ళల్లో బుడ్డలు వేయించడం, కొబ్బరి కోరడం ఆ రోజుకే ఉంచి, ఏరడం, చెరగడం వరకైనా ముందే చేసుకోండి. సోమవారం నాలుగింటికి కొర్రలు నానబెట్టి, నాలుగున్నరకు పచ్చడి, ఐదింటికి కూర, ఐదున్నరకు కుక్కరు. ఆరింటికి స్నానం చేసి దీపం దగ్గర కూచోవచ్చు. బక్ష్యాలున్న రోజు మాత్రం మధ్యాహ్నం రెండింటికే పిండి తడిపి, పప్పు నానబెట్టండి. ఆ రోజు ఇంట్లో ఇంకో మనిషి చెయ్యి తప్పకుండా కావాలి. మగపిల్లలైనా సరే, పూర్ణం ఉండలు చేయడం ఎవరికైనా వస్తుంది.

ఇక తినే పద్ధతి. పూజ అయ్యాక ముందుగా గ్లాసుడు కొబ్బరినీళ్ళో, పలచని మజ్జిగో నిదానంగా తాగండి. పది నిమిషాలు ఆగండి. తరువాత విస్తట్లో మొదట పులగం, నెయ్యి. పచ్చడి నంజుకోవడానికే. చివర పెరుగన్నం. బక్ష్యం ఉంటే ఒకటి చాలు, రెండోది మర్నాటికి ఇంకా బాగుంటుంది. పగలు తినలేదు కదా అని రెట్టింపు తింటే, ఆ రాత్రి నిద్ర ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. ఆ రాత్రి ఉపవాసమున్నవారు ముందు కూచోవాలి. అది మీరే అయితే, మీరే ముందు కూచోవాలి. "నేను కూచుంటే వడ్డించేదెవరు?" అంటారా? పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం చేసినవారు ఇంట్లో ఉంటారు కదా! గరిటె వాళ్ళ చేతికివ్వండి. మొదటిసారి కాస్త ఒలికిస్తారు, రెండో సోమవారానికి నేర్చుకుంటారు. మా ఇంట్లో మావారు పులగం వడ్డించడం అలాగే నేర్చుకున్నారు. ఇప్పటికీ నెయ్యి మాత్రం చెయ్యి జారి ఎక్కువే పోస్తారు, నేను వద్దనను.

మా అక్క కూతురికి ఇదంతా రాసి పంపాను. వాళ్ళున్న చోట నవంబరులో మధ్యాహ్నం నాలుగింటికే పొద్దుగుంకుతుందట, మబ్బులవల్ల చుక్కలు మాత్రం కనబడవట. "మరి ఎప్పుడు తినాలి చిన్నమ్మా?" అని అడిగింది. "దీపం పెట్టి, ఆకలైనప్పుడు తిను. చుక్క మబ్బుల వెనక ఉండనే ఉంటుంది" అన్నాను. కొర్రలు అక్కడి మన కొట్లల్లో దొరికాయట. దాని ఇంటి పక్కనున్న స్కాట్లండు ఆవిడ కూడా వచ్చి పులగం తిని, తమ ఓట్సు గంజికి ఇది చుట్టమే అందట.

వచ్చే కార్తీకానికి మీ ఇంట్లోనూ ఒక్క సోమవారమైనా ఇలా వండి చూడండి. పిల్లల్ని డాబా మీదికి పంపి చుక్క కోసం చూడమనండి. వాళ్ళు కేక వేసేసరికి మీ విస్తరి వేసి ఉండాలి.

సెలవు.